అడివి ఇంత పచ్చగుంటే కరువేందబ్బీ?

మొన్న వేసవి సెలవులకు ముందు మా బడిలో పదో తరగతి పిల్లవాడొకడు నా దగ్గర ‘కొండపొలం’ నవల అడిగి తీసుకుపోయాడు. సినిమా రెండుసార్లు చూశాడట, ఇంట్లో గొర్రెలున్నవాడు, సహజంగానే ఉత్సాహపడ్డాడు. మూడో రోజు పొద్దున్నే పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అప్పుడే అయిపోయిందా అని అడిగితే కాసేపు నసిగి, “ఇందులో ఓబులమ్మ లేదు సార్” అన్నాడు.

ఉపాధ్యాయుల గదిలో అందరమూ నవ్వాము. పక్కనున్న లెక్కల మాస్టారు, సినిమాలన్నీ ఇంతేనని, ఒక్కటైనా పుస్తకానికి సాటి వచ్చిందేమో చూపించమని సవాలు చేశాడు. కొన్నేళ్ల కిందటైతే నేనూ ఆ మాటకు తలూపి ఊరుకునేవాడిని. ఆ రోజు ఊపలేకపోయాను. ఎందుకు ఊపలేకపోయానో రాయడానికి కొంచెం చోటు పడుతుంది.

ఓబులమ్మ నవలలో లేని మాట నిజమే. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. క్రిష్ దర్శకత్వంలో 2021 అక్టోబరులో సినిమా వచ్చింది. ఆ రెండేళ్ల మధ్యలో, తెరకు కథానాయిక కావాలి కాబట్టి, ఓబులమ్మ పుట్టింది. విడుదలైన వారంలోనే నేను థియేటరుకు పోయి చూశాను. చూశాననడం కంటే తనిఖీ చేశాననడం సబబు. నవలను మనసులో తెరిచిపెట్టుకొని, ఇది ఉంది, ఇది లేదు, ఇది కొత్తగా చేర్చారు అని ఖాతా సరిచూసే గుమాస్తాలాగా కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి లేనివాటి జాబితా పెద్దదైంది. ఆ కోపంతో ఇంటికి నడిచాను.

ఆ గుమాస్తాగిరీ ఎంత పనికిమాలినదో తెలియడానికి మా పక్క జిల్లా మనిషి కె.వి.రెడ్డిగారి ‘మాయాబజార్’ ఒక్కటి గుర్తు చేసుకుంటే చాలు. తాడిపత్రిలో పుట్టిన ఆయన 1957లో తీసిన ఆ సినిమాకు మూలమైన శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేనే లేదు. జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ అది. భారతం సంపుటాలన్నీ మోసుకొచ్చి “ఇందులో శశిరేఖ లేదు సార్” అని ఎవరైనా బల్ల మీద పెడితే ఏమంటాము? ఆ సినిమా భారతాన్ని పాడుచేసిందని నా ఎరుకలో ఎవరూ అనలేదు సరికదా, ఘటోత్కచుడు అనగానే ఈనాటికీ తెలుగువాడి కళ్లకు కట్టేది ఎస్.వి.రంగారావే. కాబట్టి చేర్చినవాటినీ తీసేసినవాటినీ లెక్కపెట్టి తీర్పు చెప్పడం కుదరదు. అయినా ‘కొండపొలం’ చూసినప్పుడు ఏదో జారిపోయిందని నాకు గట్టిగా అనిపించింది, అది ఓబులమ్మ వల్ల మాత్రం కాదు. ఏమిటో చెప్పడం నాకు చేతకాలేదు. చదువురాని ఒక పెద్దాయన చెప్పాడు.

ఆకు పైన, గొర్రె కింద

మాది పోరుమామిళ్ల వైపు. సాయంకాలం పొద్దు దిగేది నల్లమల వెనక్కే. కొండపొలం పోవడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఊళ్లో మేతా నీళ్లూ అడుగంటితే మందలను కలుపుకొని కొండలోకి తోలుకుపోయి, వాన పడిందన్న కబురు వచ్చేదాకా అక్కడే ఉండడం. మా వీధి చివర ఉండే పెద్దాయన పడుచుతనంలో అట్లా చాలాసార్లు పోయాడు. నన్ను లాగు వేసుకున్న నాటినుంచీ ఎరిగినవాడు కాబట్టి ఇప్పటికీ ‘అబ్బీ’ అనే పిలుస్తాడు. ఒక రాత్రి ఆయనను మా ఇంటికి పిలిచి టీవీలో ఆ సినిమా పెట్టాను. కుర్చీ వేస్తే వద్దని, స్తంభానికి ఆనుకొని నేల మీద కూర్చున్నాడు.

గొర్రెలు కనబడగానే ముఖం విప్పారింది. పొట్టేళ్లను చూసి ఏ ఊరి సంతలో ఎంత పలుకుతాయో చెప్పాడు. పులి వచ్చినప్పుడు నేను ఓరకంట ఆయననే చూస్తున్నాను. రెప్ప కూడా వేయలేదు. “పులి అంతసేపు కనపడదబ్బీ. కనపడితే ఇంగ చెప్పేకి మనిషి ఉండడు” అన్నాడు, తప్పు పట్టినట్టు కాకుండా, పిల్లవాడికి సర్ది చెప్పినట్టుగా. సగం సినిమా అయ్యాక నా వైపు తిరిగి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

“అడివి ఇంత పచ్చగుంటే కరువేందబ్బీ?”

నేను సినిమా తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఊళ్లో లేని ఆకు అడవిలో ఉంటుంది కాబట్టే కదా అక్కడికి పోయేది అన్నాను. ఆయన నవ్వి, “ఆకుంటాది. ఆకు పైన, గొర్రె కింద” అన్నాడు.

ఆ తరువాత అరగంటసేపు తెర మీద ఏం జరిగిందో మేమిద్దరమూ చూడలేదు. మేక అయితే వెనక కాళ్ల మీద లేచి కొమ్మ అందుకుంటుంది. గొర్రె తల వంచి నేల మీదిది కొరికే జీవం. ఎండాకాలం గడ్డి మాడిపోయాక నేల మీద ఏమీ ఉండదు. మనిషి గొడ్డలి తీసుకొని చెట్టెక్కి కొమ్మ కొట్టి కింద వేయాలి. నాలుగు రోజులకే గొర్రెలకు గొడ్డలి చప్పుడు అలవాటై, ఎక్కడ దెబ్బ వినిపిస్తే అక్కడికి పరిగెత్తుతాయి. కొమ్మ విరిగి పడేలోపు దాని కిందే చేరతాయి కాబట్టి, పైనున్నవాడు కొట్టడానికి ముందు కిందివాటిని అదిలించాలి. నీళ్ల సంగతి ఇంకా కష్టం. వంక ఎండిపోయి ఉంటుంది. ఇసుక తవ్వి చెలమ తీస్తే మొదట ఊరేది బురద, అది తోడి పారబోయాలి, తరువాత మెల్లగా తేట నీరు వస్తుంది. నీళ్ల వాసన పసిగట్టిన మంద ఒక్కసారిగా మీదపడితే ఇసుక గట్టు కూలి చెలమ పూడిపోతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు కట్టెలు అడ్డం పెట్టి మందను దూరంగా ఆపితే, ఒకడు నీళ్లు తోడి పోస్తుంటాడు, పదేసి గొర్రెలను వదులుతారు. ఇదంతా ఆయన నోటితో సగం, చేతులతో సగం చెప్పాడు: మా ఇంటి బండల మీద వేళ్లతో చెలమ తవ్వాడు, అరచేత్తో నీళ్లు తోడాడు, మోచేయి అడ్డం పెట్టి మందను ఆపాడు. “ఆఖరు పది తాగేసరికి మొదటి పదికి మళ్లీ దప్పి అయితాది” అని చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు జారిపోయిందేమిటో. సినిమాలో కరువు మాట లేకపోలేదు. మంద అడవిదారి పట్టడానికి కారణం అదేనని అందులోనూ ఉంది. అయితే ఆ సినిమాను 2020లో, కరోనా ఆంక్షల నడుమ, వికారాబాదు అడవుల్లో తీశారు. అవి వానలకు తడిసి చిగిర్చిన అడవులు. చెవికి కరువు వినిపిస్తుంటే కంటికి సమృద్ధి కనిపిస్తుంది, తెర మీద కన్ను చెప్పిందే చెల్లుతుంది. దప్పికకు చోటు లేని అడవిలో మిగిలేవి పులీ దొంగలూ భయమూ కాబట్టి, కథ పిరికివాడు ధైర్యవంతుడయ్యే కథగా మారిపోయింది. నవలలోనూ మంద వెంట పోయిన కుర్రవాడి భయం పోతుంది, పోవడమే కాదు, ఆ అడవే అతనికి బతుకుదారి చూపుతుంది. కాని నేను చదువుకున్న నవలలో ఆ భయం దప్పిక లోపల ఉంది. మూగజీవాలను బతికించే పనిలో పడి భయపడడానికి తీరిక లేక ధైర్యం వచ్చినవాడు వేరు, పులికి ఎదురు నిలిచి ధైర్యం తెచ్చుకున్నవాడు వేరు.

నా అభిప్రాయం అక్కడినుంచి మొదలైంది. పుస్తకంనుంచి సినిమా తీసేవాళ్లు పాత్రలను చేర్చవచ్చు, చంపవచ్చు, ఊరు మార్చవచ్చు, ముగింపు తిరగేయవచ్చు. కథలోని మనుషుల కాళ్లను దారి పట్టించిన కారణం మాత్రం పోగొట్టుకోకూడదు. అది నిలిస్తే అన్నీ మారినా అది ఆ పుస్తకమే. అది పోతే సంభాషణలు అక్షరం పొల్లుపోకుండా దించినా లాభం లేదు.

కారణం దక్కిన చోట్లు

ఈ మాటకు సాక్ష్యం కోసం నేను దూరం పోనక్కరలేదు. మా కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్.రెడ్డిగారు 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు. దాని వెనక ఉన్నవి బుచ్చిబాబుగారి నాటిక ఒకటి, ఇంగ్లీషులో వచ్చిన చిన్న కథ ఒకటి. అంత సన్నటి మూలంనుంచి అంత పెద్ద సినిమా రావాలంటే, కృష్ణశాస్త్రిగారి మాటలూ పాటలూ సహా, చేర్చినదే ఎక్కువ ఉంటుంది కదా. అయినా ఆ సినిమాలోని దుఃఖమంతా ఒకే చోటినుంచి పుడుతుంది: వాన పడుతున్న రాత్రి పాడుబడ్డ మండపంలో, మారువేషంలో ఉన్న రాయలవారితో, మల్లికి రాణివాసపు పల్లకీ పంపించమని రాజుగారికి చెప్పండని బావ నాగరాజు వేళాకోళంగా అన్న మాట. ప్రభువు వేళాకోళాన్ని నిజం చేశాడు, పల్లకీ వచ్చింది, దానితో వచ్చే సంపదకు తల్లి ఆశపడింది, ఎక్కిన పిల్లకు తిరిగి వచ్చే దారి లేదు. తరువాతి సన్నివేశాలన్నీ ఆ పల్లకీ బరువును మోస్తూనే ఉంటాయి. ఎంత పెంచినా కారణాన్ని మరిచిపోని సినిమా అది.

ఆయనదే ‘బంగారు పాప’. జార్జ్ ఇలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’ను పాలగుమ్మి పద్మరాజుగారు తెలుగు నేల మీదికి తెచ్చారు. ఇంగ్లండు పల్లె పోయింది, అక్కడి చర్చీ పోయింది, ఎస్.వి.రంగారావు వేసిన కోటయ్య వచ్చాడు. చేయని తప్పుకు శిక్షపడి లోకం మీద మనసు విరిగిన మనిషిని ఒక దిక్కులేని పసిపాప మళ్లీ మనుషుల్లోకి లాక్కొస్తుంది. ఆ ఒక్కటీ ఉన్నచోటే ఉంది కాబట్టి మూలం చదివినవాడికి కూడా పరాయితనం తోచదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’. ఆయన బెంగాలీ, కథ ప్రేమ్‌చంద్ మొదట ఉర్దూలో రాసిన ‘కఫన్’, జరిగేది తెలంగాణ పల్లెలో. ఇన్ని చేతులు మారిన కథ చెడిపోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. ప్రేమ్‌చంద్ కథలో తండ్రీకొడుకులిద్దరూ సోమరులు, కోడలు పురిటి నొప్పులతో చనిపోతే కఫను (శవానికి కప్పే గుడ్డ) కోసం ఊళ్లో అడుక్కున్న డబ్బుతో తాగుతారు. కథ చదివిన చాలామందికి గుర్తుండేది ఆ తాగుడే. కాని, రేయింబవళ్లు కష్టపడేవాళ్ల బతుకు కూడా వీళ్ల బతుకుకంటే ఏమంత మెరుగుగా లేని లోకంలో ఇలాంటి మనుషులు తయారుకావడం వింత కాదన్న అర్థం వచ్చే నాలుగు వాక్యాలు ఆయన మధ్యలో, తొందరపడి చదివితే దాటిపోయేలా, పెట్టాడు. మృణాల్ సేన్ ఆ నాలుగు వాక్యాలను పట్టుకొని సినిమా అంతా తీశాడు. పని చేస్తే దొర కొవ్వుతాడు కాబట్టి పని చేయనన్న తండ్రి మొండితనమే అందులో వెన్నెముక. కథలో మూల కూర్చున్న కారణాన్ని సినిమా నట్టింట్లోకి తెచ్చింది. పుస్తకం కంటే సినిమా గొప్పదని నేను అనను. చదివినప్పుడు దాటిపోయినదాన్ని నాకు చూపించింది మాత్రం సినిమానే.

నవల రాస్తున్నప్పుడే సినిమా నడక పట్టుకున్న యండమూరిగారి వంటివారి సంగతి వేరు. ‘అభిలాష’లో ఉరిశిక్ష రద్దు కావాలన్న లాయరు పట్టుదలే కథను నడిపిస్తుంది, 1983లో అది తెర మీదికి ఇబ్బంది లేకుండా నడిచి వచ్చింది. అక్కడ పోవడానికి పెద్దగా ఏమీ లేదు, అందుకని చర్చా లేదు.

శ్రీరమణగారి ‘మిథునం’ కథ మాత్రం నన్ను కొంచెం తికమకపెడుతుంది. 2000లో ఎం.టి.వాసుదేవన్ నాయర్ దాన్ని మలయాళంలో తీసినప్పుడు ముసలి దంపతుల చుట్టూ పిల్లలనూ ఇరుగుపొరుగునూ నింపాడు. 2012లో తనికెళ్ల భరణిగారు తెలుగులో తీసినప్పుడు తెర మీద ఇద్దరినే ఉంచారు. ఒకే కథకు రెండు పూర్తి వ్యతిరేకమైన పద్ధతులు. నా కొలత ప్రకారం ఒకటి నెగ్గి రెండోది ఓడాలి. రెండూ నెగ్గాయి. ఆ ముసలివాళ్లు ఎవరి పంచనా చేరకుండా తమ పెరట్లో తాము ఉండడానికి కారణం ఇద్దరి మధ్యనే ఉంది, చుట్టూ పదిమంది ఉన్నా లేకున్నా దానికి మార్పు లేదు అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటే కొలతలో కొంత సాగుడు ఉందనే అర్థం.

సాగుడు ఎక్కడుందంటే, కారణం ఏదో ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గర. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర ‘దేవదాసు’ పుస్తకంగా వచ్చి నూరేళ్లు దాటింది, వేదాంతం రాఘవయ్యగారి సినిమా 1953లో వచ్చింది. ఆ మనిషి నాశనానికి కారణం తండ్రి జమీందారీ అహంకారమా, తన పిరికితనమా? నాగేశ్వరరావు ముఖం చూసినవాళ్లు జాలిపడి మొదటిదంటారు. నవల మాత్రమే చదివిన మా అమ్మ రెండోదే అని వాదించేది, సినిమా పాటలు రేడియోలో వచ్చినప్పుడల్లా “పిరికిపందకు ఇంత రాగమా” అని విసుక్కునేది. ఆ వాదం తీరేది కాదు. అదే విధంగా, ఓబులమ్మ కోసం వెతికిన మా పిల్లవాడిని కారణం గురించి అడిగితే, “అది భయం పోయే కథ కదా సార్” అన్నాడు. వాడికి కారణం పులి, నాకు దప్పిక. నవల రాసిన వెంకటరామిరెడ్డిగారే సినిమా రచనలోనూ పాలుపంచుకున్నారు. కన్నతండ్రికి లేని అభ్యంతరం నీకెందుకని ఎవరైనా అడగవచ్చు. రచయిత ఒప్పుకున్నంత మాత్రాన పాఠకుడి నోరు మూతపడదన్నది నా జవాబు. అది జవాబు మాత్రమే, గెలుపేమీ కాదు.

ఖర్చు సంగతి కూడా మరిచిపోకూడదు. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. మండు వేసవిలో కెమెరాలతో, వందల గొర్రెలతో అందులోకి పోవడానికి అనుమతి తెచ్చుకోవడం, కరోనా కాలంలో ఆ ఎండకోసం నెలల తరబడి ఆగడం అయ్యే పని కాదు. ఋతువు నిర్మాత చేతిలో ఉండదు. ఇది తెలిసినా, ఒక్క ఎండిన వంక వెతికి, కెమెరాను ఒక చెలమ దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి ఉంటే బాగుండేదన్న చాపల్యం నన్ను వదలదు. ఇసుక తవ్వడానికి గ్రాఫిక్స్ అక్కరలేదు.

పుస్తకం చేరని ఇల్లు

ఇంత రాసినవాడిని ఆ రాత్రి జరిగిన మిగతాది దాచిపెడితే న్యాయం కాదు. సినిమా అయిపోయి లేస్తూ పెద్దాయన కండువా దులుపుకొని, “మా కంబడి సినిమాకెక్కింది సూడు” అన్నాడు. కంబడి అంటే గొర్రెల కాపరి కప్పుకొనే గొంగడి. ఆ మాటలో ఉన్న సంతోషాన్ని నేను ఏ కొలతలో పట్టగలను? పాతికేళ్లుగా తెర మీద రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, తెల్లచొక్కాల మీద నెత్తురు. ఆ సినిమాల్లో గొడ్డలి మనిషి మెడ కోసమే లేచేది. ఆకు కోసం లేచే గొడ్డలి ఒకటుందని, ఆ గొడ్డలి పట్టినవాడికీ ఒక కథ ఉంటుందని ఈ సినిమా ఒప్పుకుంది. మన ప్రాంతపు పుస్తకాలకు గొడ్డలి రెండో వాడకం ఎప్పటినుంచో తెలుసు, కాని ఆ పుస్తకాలు ఆ ఇంటికి ఎన్నడూ పోలేదు. పోయినా చదివేవాళ్లు లేరు. బడిపిల్లవాడు సైతం సినిమా చూశాకే నవల అడిగాడు. పుస్తకానికి సాటి రాలేదని నేను అలిగి కూర్చున్నది నాలాగా పుస్తకం చేతికందిన కొద్దిమంది తరఫున మాత్రమే.

ఆ ఆలోచన నిలవనీయలేదు. మరుసటి వారంనుంచి సాయంకాలాలు పుస్తకం పట్టుకొని ఆయన అరుగు మీదికి పోవడం మొదలుపెట్టాను. నవల మన యాసలోనే ఉంది కాబట్టి చదవడానికి కష్టం లేదు; ఆయన బీడీ వెలిగించుకొని కళ్లు మూసుకొని వినేవాడు. నీళ్ల ఘట్టాలు వచ్చినప్పుడు తల ఊపాడు. లోలోపల నేను గెలిచానని సంబరపడుతున్నాను. నాలుగో రోజు, గొర్రెల కాపరులు రాత్రి మంద చుట్టూ చేరి కష్టసుఖాలు చెప్పుకుంటున్న చోట, ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

“అడివిలో ఇంత మాట్లాడుకోరబ్బీ. మాట్లాడితే మంద సద్దు యాడ వినపడతాది?”

నాకు మాట రాలేదు. మనుషులు నోరు విప్పకపోతే నవల ముందుకు పోదు. నాలాంటి బడిపంతులుకు అడవి బతుకు తెలియాలంటే ఎవరో ఒకరు మాట్లాడాలి. అంటే పుస్తకానికీ ఒక వికారాబాదు ఉంది. నేను మూలం అనుకొని చంకన పెట్టుకొని తిరుగుతున్నదానికి ముందు ఇంకొక మూలం ఉంది, దాని తాలూకు మనిషి నా ఎదురుగా బీడీ కాలుస్తున్నాడు.

చీకటి పడి అక్షరాలు కనబడకపోయేసరికి పుస్తకం మూశాను. ఆయన చెయ్యి చాపి దాన్ని తీసుకొని, అట్ట మీద అరచేత్తో ఒకసారి రాసి, “ఈ రాసినాయప్ప గొర్లు కాసినాడా?” అని అడిగాడు. బడిపంతులని చెప్పాను.

“అయితే ఎవురో చెప్పింటారు” అన్నాడు పుస్తకం తిరిగి ఇస్తూ. “చెప్పినోడు బాగా చెప్పినాడు.”